గానంలో తోడు ఎవరు? – సహవాద్య ధర్మం, విద్వాంసుని కీర్తి

శ్రీ గురుభ్యో నమః.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. గురుకులంలో వేదాధ్యయనం చేసి, నిజాంసాగర్ సమీపంలోని మహమ్మద్‌నగర్‌లో దేవతార్చన చేసుకొంటూ కాలం గడుపుతున్న అర్చకుణ్ణి. అయినప్పటికీ నాదంతో అర్చకునికి నిత్యసంబంధం ఉన్నది. ఛత్ర చామరాదులైన రాజోపచారాలలో గీతం, వాద్యం, నృత్యం కూడా స్వామికి సమర్పించవలసినవే. మా ప్రాంతానికి ప్రాణాధారమైన నది పేరు మంజీర. మంజీరమంటే కాలి అందె. ఆ నీటిని త్రాగి పెరిగినవానికి నాదాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనే అధికారం కొంతైనా ఉంటుందని భావిస్తున్నాను.

ఒక విద్వాంసుడు ఎవరితో కలిసి పాడాడు, ఎవరిని తన ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నాడు అనే దానివల్ల అతని కీర్తికి వృద్ధి గాని హాని గాని కలుగుతుందా? ఈ ప్రశ్న నాకు గ్రంథంలో ఎదురుకాలేదు. నా చేతిమీదుగా జరిగిన ఒక తప్పు నుండి పుట్టింది. కనుక ముందుగా ఆ తప్పునే నివేదిస్తాను.

ఒక శ్రీరామనవమి

అది 1997వ సంవత్సరం. అప్పటికి కామారెడ్డి జిల్లా ఏర్పడలేదు. మేము నిజామాబాద్ జిల్లాలో ఉండేవాళ్ళం. నేను అర్చకత్వం స్వీకరించి ఎన్నో ఏండ్లు కాలేదు. ప్రతి సంవత్సరం సీతారామ కల్యాణానికి ఒకే సన్నాయి మేళం వచ్చేది. ఆ సంవత్సరం మేళంలో ముఖ్యునికి జ్వరం వచ్చి మంచం పట్టాడు. పండుగ రెండు రోజులున్నది. అప్పుడు ఊరి పెద్ద ఒకరు ఒక వార్త తెచ్చారు. కోస్తా ప్రాంతం నుండి ఏదో వివాహానికి వచ్చిన నాదస్వర విద్వాంసుడొకరు దగ్గరి పట్టణంలో ఉన్నారట; పిలిస్తే వస్తారట. పేరేమిటని అడిగాను. పేరులోని మొదటి మాట "షేక్" అని విన్నాను. తరువాతి మాటను నేను వినిపించుకోలేదు.

"కల్యాణ వేదిక ప్రక్కన ఎవరు కూర్చున్నారో ఊరంతా చూస్తుంది. మన ఆలయం పేరు ఏమి కావాలి?" అన్నాను. ఆ పెద్దాయన నా ముఖం చూసి, "అయ్యగారూ, ఆయన ఊదేది రాముని పాటనే గదా" అన్నారు. నేను సమాధానం చెప్పలేదు. శాస్త్రవచనం ఒక్కటి కూడా ఉదాహరించలేదు, ఎందుకంటే ఆ క్షణాన నా మనస్సులో శాస్త్రం లేదు. నలుగురు ఏమనుకొంటారో అనే భయమే ఉన్నది. చివరకు ఎవరో ఒక టేపు రికార్డరు, ఒక నాదస్వరం క్యాసెట్టు తెచ్చారు. ఒక కుర్రవాణ్ణి దాని దగ్గర కూర్చుండబెట్టాము.

కల్యాణం చేయించిన వారికి, చూచిన వారికి తెలుసు. మాంగల్యధారణ వేళ పురోహితుడు చేయి ఎత్తి సంజ్ఞ చేస్తాడు. తక్షణం గట్టిమేళం మ్రోగాలి. సూత్రం ముడి పడేవరకు ఆ ధ్వని ఆగకూడదు. ముడి పడిన తరువాత వృథాగా సాగకూడదు. నేను చేయి ఎత్తినప్పుడు క్యాసెట్టులో రాగాలాపన నిదానంగా నడుస్తున్నది. కుర్రవాడు కంగారుపడి దానిని ముందుకు త్రిప్పబోయాడు. కిర్రుమని శబ్దం వచ్చి యంత్రం ఆగిపోయింది. మంత్రం మాత్రమే వినబడగా, వాద్యం లేకుండానే సూత్రధారణ జరిగింది. ఆ నిశ్శబ్దం నేటికీ నా చెవిలో ఉన్నది.

వృందానికి శాస్త్రం చెప్పిన లక్షణం

ఆ తరువాత కొన్నాళ్ళకు, సంగీతశాస్త్రం తెలిసిన ఒక పెద్దవారి దగ్గర *సంగీతరత్నాకరం* చూచే భాగ్యం కలిగింది. దానిని రచించిన శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుని ఆస్థానంలో ఉన్నవాడు. ఆ గ్రంథానికి వ్యాఖ్యానం వ్రాసినవారిలో మన తెలంగాణలోని రాచకొండను ఏలిన సింగభూపాలుడు ఒకడు. ఆ వ్యాఖ్యకు *సంగీత సుధాకరం* అని పేరు. అనగా గానంలో ఎవరెవరు ఎలా కలిసి ఉండాలనే విచారం మన నేలమీద ఆరువందల ఏండ్లకు పూర్వమే జరిగింది.

ఆ గ్రంథపు తృతీయాధ్యాయంలో వాగ్గేయకారుని లక్షణం, గాయకుని గుణదోషాలు చెప్పిన తరువాత శార్ఙ్గదేవుడు వృందాన్ని వర్ణిస్తాడు. ఉత్తమ వృందంలో ముఖ్యగాయకులు 4, వారికి తోడుగా పాడేవారు 8, గాయనులు 12, వేణువు వాయించేవారు 4, మృదంగ వాదకులు 4 ఉండాలంటాడు. అటు పిమ్మట వృందానికి ఆరు గుణాలు చెబుతాడు. ముఖ్యుని అనుసరించడం మొదటిది. ఒకరి ధ్వనిలో ఒకరు కలిసిపోవడం రెండవది. తాళాన్ని, లయను విడువకుండా నడవడం మూడవది. ఒకరి వల్ల లోపం జరిగితే మరొకరు దానిని సవరించి నిర్వహించడం నాల్గవది. మూడు స్థాయిలలోనూ సంచరించగల శక్తి అయిదవది. కంఠాలకు, వాద్యాలకు ధ్వనిసామ్యం ఉండడం ఆరవది.

నన్ను నిలబెట్టి ప్రశ్నించింది ఆ నాల్గవ గుణం. తోటివాని త్రుటిని తాను మోయడం! మా మాంగల్యధారణ వేళ లోపించింది అదే. యంత్రానికి నా చేయి కనబడదు. జీవించి ఉన్న వాదకుడు ప్రక్కన ఉంటే, నేను ఆలస్యం చేస్తే రాగాన్ని పొడిగించేవాడు. నేను త్వరపడితే వెంటనే అందుకొనేవాడు. పురోహితుడు కూడా ఆ వృందంలో ఒకడే అని నేను అంతవరకు గ్రహించలేదు.

ఇంకొక విషయం. ఈ ఆరు గుణాలలో వంశం లేదు, ఊరు లేదు, నలుగురి మాట లేదు. తోడుగా వచ్చేవానిలో చూడవలసినవి అనుసరించే బుద్ధి, కలిసిపోయే ధ్వని, లయజ్ఞానం, సహనం మాత్రమే. అయితే ఎవరితోనైనా చేరవచ్చునా? సాంగత్యం వల్ల హాని లేదా? ఉన్నది. హాని ఎక్కడినుండి వస్తుందో చరిత్రలో వెదకితే దొరుకుతుంది.

త్యాగరాజస్వామి విడిచినది, స్వీకరించినది

సద్గురు త్యాగరాజస్వామి (1767–1847) జీవితంలో అందరికీ తెలిసిన ఘట్టం తంజావూరు రాజాస్థానపు ఆహ్వానాన్ని నిరాకరించడం. ధనం, గౌరవం కలిగిన ఒక సాంగత్యాన్ని ఆయన వద్దన్నారు. అప్పటి లోకదృష్టిలో ఆస్థాన విద్వాంసుడు కావడమే కీర్తికి సోపానం. దానిని కాలదన్ని ఉంఛవృత్తిని ఆశ్రయించినవాడు పేరు పోగొట్టుకోవలసింది. జరిగింది అందుకు విపరీతం. ఆయన నిరాకరించింది ఒక మనుష్యుని కాదు. రాముని కోసం పుట్టిన పాట రాజు కోసం మారవలసివచ్చే పరిస్థితిని.

అదే మహానుభావుడు శిష్యులను స్వీకరించేటప్పుడు ఎలా ఉన్నారు? ఉమయాళ్పురం, తిల్లస్థానం, వాలాజాపేట అని ఆయన శిష్యపరంపరలు మూడు ప్రసిద్ధాలు. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్ర సమాజానికి చెందినవారు. నేతపనితో జీవించిన సమాజమది. గురువుగారి కృతులను ఆయనా, ఆయన కుమారుడూ శ్రద్ధతో లిఖించి భద్రపరచారు. ఆ వ్రాతప్రతులు మధురలోని సౌరాష్ట్ర సభకు చేరి నేటికీ పరిశోధకులకు ఆధారంగా ఉన్నవి. స్వామి తన చుట్టూ ఒకే విధమైనవారిని మాత్రమే చేర్చుకొని ఉంటే, ఆయన కృతుల పాఠంలో ఎంత భాగం మనకు మిగిలేదో ఆలోచించండి. ఆస్థానాన్ని విడిచినందువల్ల ఆయన గానం స్వచ్ఛంగా నిలిచింది. శిష్యుణ్ణి స్వీకరించినందువల్ల ఆ గానం కాలాన్ని దాటింది. త్యాగం, స్వీకారం రెండింటికీ ప్రమాణం ఒక్కటే: ఇది నాదానికి సేవ అవుతుందా, కాదా?

తిరువయ్యారులో జరిగిన పరీక్ష

ఇదే ప్రశ్న స్వామి సమాధి ముంగిటనే మరొకసారి వచ్చింది. ఈసారి పెద్దలు తప్పిపోయారు.

స్వామి సిద్ధిపొందిన తరువాత కావేరీ తీరంలోని సమాధి క్రమంగా శిథిలావస్థకు వచ్చింది. ఆరాధన మాత్రం చేసేవారు. అందులో అభిప్రాయభేదాలు వచ్చి పెద్ద కక్షి, చిన్న కక్షి అని రెండు వర్గాలయ్యాయి. ఒకరున్నచోట మరొకరు పాడరు. ఒకే గురువు పరంపరవారు, ఒకే గురువు పాటను, ఒకే నదీతీరంలో వేర్వేరుగా పాడుకొన్నారు.

అటువంటి కాలంలో బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) వచ్చారు. దేవదాసీ కుటుంబంలో జన్మించి, కన్నడం, తెలుగు, సంస్కృతం అభ్యసించి, గానంలో మేటి అయిన విదుషీమణి ఆమె. సమాధి దుస్థితిని గురువు బిడారం కృష్ణప్ప ద్వారా తెలుసుకొని, తాను ఆర్జించిన ధనాన్ని, నగలను వెచ్చించి ఆ స్థలంలో ఆలయం నిర్మింపజేశారు. 1921లో శంకుస్థాపన, 1925లో కుంభాభిషేకం జరిగినవి. ఇంత చేసిన ఆ తల్లికి తాను కట్టించిన ఆలయం ముందు ఆరాధన నాడు పాడేందుకు అనుమతి లభించలేదు. స్త్రీ కావడం, ముఖ్యంగా దేవదాసి కావడం అభ్యంతరమైనది. ఆమెతో కలిసి కూర్చుంటే తమ పేరుకు మచ్చ వస్తుందని విద్వాంసులు సంకోచించారు.

ఆమె వెనుదిరుగలేదు. తనవంటి స్త్రీలను సమీకరించి ఆలయం వెనుక భాగాన ప్రత్యేకంగా గానారాధన జరిపారు. రెండు కక్షులకు తోడు స్త్రీల బృందం మూడవదైనది. ఏండ్లు గడచిన తరువాత, 1940–41 ప్రాంతంలో మూడు వర్గాలూ ఏకమయ్యాయి. నేడు పుష్య బహుళ పంచమి నాడు వందలాది గాయకులు, గాయనులు ఒకే కంఠంగా ఘనరాగ పంచరత్నాలను గానం చేసే పద్ధతి ఆ ఐక్యత తరువాతనే స్థిరపడింది. దేశవిదేశాలలో తెలుగువారు ఎక్కడ ఆరాధన జరిపినా ఆ పద్ధతినే అనుసరిస్తున్నారు.

శార్ఙ్గదేవుడు ఉత్తమ వృందంలో గాయనులకు పన్నెండు స్థానాలు ఇచ్చాడని పైన మనవి చేశాను. ముఖ్యగాయకుల కంటె వారి సంఖ్య మూడింతలు. కనుక నాగరత్నమ్మను దూరంగా ఉంచినవారు లక్షణశాస్త్రాన్ని రక్షించలేదు. తమ గౌరవాన్ని రక్షించుకోబోయారు. ఆ గౌరవం ఏమైనది? ఆనాడు వద్దన్నవారి పేర్లు వెదకి పట్టుకోవలసి ఉన్నది. నాగరత్నమ్మ సమాధి మాత్రం స్వామి సన్నిధికి అభిముఖంగా, దర్శనానికి వచ్చే ప్రతివారికి కనబడుతూ ఉన్నది.

రాజాస్థానాన్ని వద్దనడం, నాగరత్నమ్మను వద్దనడం పైకి చూస్తే ఒకే క్రియ. రెండూ సాంగత్య నిరాకరణలే. మొదటిది నాదాన్ని కాపాడేందుకు, రెండవది తనను తాను కాపాడుకొనేందుకు. ఫలం అందువల్లనే వేరైనది.

విద్వాంసులు తమ నియమాన్ని తామే పునర్విచారించుకొన్న సందర్భాలూ ఉన్నవి. మృదంగ చక్రవర్తి పాల్ఘాట్ మణి అయ్యర్ (1912–1981) చిరకాలం గాయనుల కచేరీలకు వాయించలేదు. ఆ నియమాన్ని తొలిసారిగా డి.కె.పట్టమ్మాళ్ గానం కోసం విడిచారు. లయప్రధానమైన పల్లవులను సైతం నిర్వహించగల ఆమె పాండిత్యమే ఆ తలుపు తెరిచింది. నియమం సడలించినందువల్ల ఆయన కీర్తి తగ్గిందని ఎవరూ అనలేదు. మరికొంత ముందుగా సడలించి ఉండవలసిందని మాత్రం నేటివారు అనుకొంటారు.

ప్రక్కన కూర్చున్నవాని ఔన్నత్యం

ఇక మన తెలుగు విద్వాంసుల వైపు వద్దాము. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల స్థాపితమైనప్పుడు ప్రథమాధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. వయొలిన్ బోధనకు ఆయన ద్వారం వేంకటస్వామినాయుడుగారిని తీసుకొన్నారు. నాయుడుగారికి అప్పుడు ఇరువదియారేండ్లు. దృష్టిమాంద్యం కలవారు. విద్యార్థిగా చేరేందుకు వచ్చిన ఆ యువకుని వాద్యం విని ఆచార్యునిగా నియమించారని పెద్దలు చెప్పుకొంటారు. 1936లో ఆయనే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదాన్ని పొందారు. నాయుడుగారు వయొలిన్‌ను పక్కవాద్యంగానూ, ఏకవాద్యంగానూ సమానంగా ప్రతిష్ఠించారు. ఆయనను గుర్తించినందుకు దాసుగారి కీర్తి కూడా పెరిగింది. యోగ్యుణ్ణి గుర్తించడం గుర్తించినవాని యోగ్యతకు సాక్ష్యమే కదా!

మంగళంపల్లివారి మార్గం

ఈ విషయంలో అత్యంత విచారణీయమైన జీవితం డా. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారిది. 1930 జూలై 6న తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో జన్మించారు. తండ్రి పట్టాభిరామయ్య సంగీతజ్ఞులు. తల్లి సూర్యకాంతమ్మ వైణికురాలు. శైశవంలోనే తల్లిని కోల్పోయారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. త్యాగరాజస్వామి, మానాంబుచావడి వేంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లివారు: ఇదీ ఆ గురుపరంపర. ఎనిమిదేండ్ల ప్రాయంలో విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో పాడినప్పుడు ఆ బాలుని గానానికి ముగ్ధులై, మురళీకృష్ణ అనే పేరుకు ముందు "బాల" అని చేర్చినవారు హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతులు. యౌవనారంభంలోనే 72 మేళకర్త రాగాలలోనూ కృతులు రచించారు. పరంపర విషయంలో ఇంతకు మించిన అధికారం ఎవరికి ఉంటుంది?

అటువంటివారు 1967లో *భక్త ప్రహ్లాద* చలనచిత్రంలో నారదునిగా నటించారు, పాడారు. 1975లో కన్నడ చిత్రం *హంసగీతె*లో గానానికి జాతీయ పురస్కారం పొందారు. భీమ్‌సేన్ జోషి, హరిప్రసాద్ చౌరాసియా, కిశోరీ అమోణ్కర్ వంటి హిందుస్తానీ దిగ్గజాలతో జుగల్బందీలు నిర్వహించారు. మూడు, నాలుగు స్వరాలతోనే కొత్త రాగాలు కల్పించారు. ఆక్షేపణలు రాకుండా ఉంటాయా? శాస్త్రీయ విద్వాంసునికి చలనచిత్ర సాంగత్యమేమిటని కొందరన్నారు. ఉత్తరాది గాయకులతో కలిస్తే బాణీ కల్తీ అవుతుందని కొందరన్నారు. రాగకల్పన విషయంలో వీణా విద్వాంసులు ఎస్.బాలచందర్ తీవ్రంగానే వాదించారు.

ఈ ఆక్షేపణలన్నీ అసూయాజనితాలని త్రోసివేయడం న్యాయం కాదు. జుగల్బందీలో నిజమైన అపాయం ఉన్నది. రెండు సంప్రదాయాలకు సమానమైన రాగం ముందుగా కావాలి. మన హిందోళానికి వారి మాల్కౌంస్, మోహనానికి భూప్, కల్యాణికి యమన్ సన్నిహితాలు. స్వరాలు ఒకటే అయినా గమకం వేరు, ప్రాణస్వరం మీద నిలిచే తీరు వేరు. మనవారు చేతితో తాళం లెక్కిస్తారు. వారు తబలాపై నడిచే ఠేకాను ఆశ్రయిస్తారు. మనకు కృతి ప్రధానం. వారికి విలంబిత ఖయాల్‌లో రాగవిస్తారం ప్రధానం. ఇద్దరికీ అనుకూలమైన శ్రుతి నిర్ణయించుకోవడం కూడా ఒక సమస్యే. ఇన్నింటినీ సమన్వయించలేక, ఒకరు వేసిన స్వరానికి మరొకరు ఎదురు స్వరం వేసి చప్పట్లు కొట్టించుకొనే పోటీగా దిగజారిన జుగల్బందీలు లేకపోలేదు. అక్కడ ముఖ్యానువృత్తి ఉండదు, ధ్వని కలియడం ఉండదు. ఎదుటివాని త్రుటి తనకు విజయం అవుతుంది. శార్ఙ్గదేవుని నాల్గవ గుణానికి సరిగ్గా వ్యతిరేకం అది. సాంగత్యం వల్ల హాని వచ్చే ద్వారం అదే. ఆ హానికి కారణం తోటివాడు కాదు, తోటివానిని ప్రతివాదిగా చూచే మన దృష్టి.

బాలమురళిగారు ఆ అపాయాన్ని దాటగలగడానికి ఒక ముఖ్యకారణం నాకు తోస్తున్నది. ఆయన గాయకులు మాత్రమే కారు. వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర వాయించేవారు. ఇతరుల గానానికి ప్రక్కన కూర్చుని వాయించిన అనుభవం ఉన్నది. అనుసరించడం నేర్చినవానికే అనుసరింపబడే అర్హత లభిస్తుంది. ఆయన కచేరీలలో వయొలిన్ సహకారం అందించిన అన్నవరపు రామస్వామిగారు కూడా పారుపల్లివారి శిష్యులే. ఒక గురువు దగ్గర కూర్చున్న ఇద్దరు ఒకే వేదికపై కూర్చున్నప్పుడు ఆ శ్వాస ఎలా కలుస్తుందో విన్నవారికి తెలుసు. భిన్న సంప్రదాయంవారితో కలిసినప్పుడు ఆయన దూరం వెళ్ళగలిగింది, సొంత ఇంటి పునాది అంత దృఢంగా ఉన్నందువల్ల.

లోకం చివరకు ఏమి తీర్పు చెప్పింది? తేదీలు చూడండి. నారద పాత్ర 1967. చలనచిత్ర గానానికి జాతీయ పురస్కారం 1975. సంప్రదాయ పరిరక్షణలో అగ్రస్థానంలో ఉన్న మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదం 1978. పద్మవిభూషణ్ 1991. చలనచిత్రంతో కీర్తి నశించేదైతే ఆ వరుస ఇలా ఉండదు. 1988 ఆగస్టు 15న దేశమంతటా ప్రసారమైన ఐక్యతాగీతం *మిలే సుర్ మేరా తుమ్హారా*లో భీమ్‌సేన్ జోషిగారూ, ఆయనా ఇరువురూ వినిపిస్తారు. మా గ్రామంలో శాస్త్రీయ సంగీతమంటే ఏమిటో తెలియనివారు కూడా ఆయన రామదాసు కీర్తనలను ప్రాతఃకాలంలో విని పెరిగారు. భద్రాద్రి రాముని పాట ఇంటింటికి చేరినప్పుడు, ఆ గాయకుడు ఎవరెవరితో కలిసి పాడాడో ఏ తల్లీ విచారించలేదు.

క్యాసెట్టు మీది పేరు

ఇప్పుడు మళ్ళీ 1997కు వస్తాను. ఆ కల్యాణం ముగిసిన సాయంకాలం టేపు రికార్డరు తిరిగి ఇచ్చేటప్పుడు క్యాసెట్టు అట్టను తొలిసారి చూచాను. దానిమీద ఉన్న పేరు షేక్ చిన మౌలానా.

ఎవరీ మహానుభావుడని అటుపిమ్మట విచారించాను. 1924లో ఒంగోలు సమీపంలోని కరవదిలో నాదస్వర విద్వాంసుల కుటుంబంలో జన్మించినవారు. తండ్రి కాసిం సాహెబ్ తొలిగురువు. తరువాత చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబ్ దగ్గర అభ్యాసం. కోస్తాలోని ఆ కుటుంబాలు తరతరాలుగా ఆలయాలలో మంగళవాద్య సేవ చేస్తూ వచ్చినవి. తంజావూరు బాణీలో టి.ఎన్.రాజరత్నం పిళ్ళై నాదస్వరం చిన మౌలానాగారిని ఆకర్షించింది. అప్పటికే పేరున్న వాదకులై కూడా మళ్ళీ శిష్యునిగా మారి, నాచ్చియార్‌కోయిల్ రాజం పిళ్ళై, దురైకన్ను పిళ్ళై సోదరుల దగ్గర ఆ బాణీని అభ్యసించారు. స్వస్థలం విడిచి శ్రీరంగంలో, రంగనాథుని సన్నిధికి చేరువలో స్థిరపడ్డారు. 1982లో అక్కడ శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని నెలకొల్పి శిష్యులకు విద్యాదానం చేశారు. ఆ సంస్థకు ఆయన పెట్టుకొన్న పేరు శారద. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి ఆయనను వరించినవి. 1999లో నాదైక్యం చెందారు.

ఇక్కడ సాంగత్య విచారం రెండువైపులా ఉన్నది. తెలుగు సాహెబుకు విద్య నేర్పితే తమ బాణీకి ఏమవుతుందోనని ఆ పిళ్ళై సోదరులు శంకించి ఉండవచ్చు, శంకించలేదు. కొత్త బాణీ నేర్చుకొంటే తనవారిలో పేరు పోతుందని చిన మౌలానాగారు వెనుకాడి ఉండవచ్చు, వెనుకాడలేదు. ఉభయులకూ నాదమే ముఖ్యమైనది, అందువల్ల ఉభయుల కీర్తీ నిలిచింది. ఆ పరంపరలోనివారైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు 2021లో పద్మశ్రీ పొందారు.

మరొక్క మాట నన్ను మరింత సిగ్గుపడేలా చేసింది. మా గ్రామంలో కల్యాణానికి ఆదర్శం భద్రాచలమే. అక్కడి కల్యాణాన్ని రేడియోలో వింటూ, ఆ క్రమాన్ని అనుసరించి చేయాలని ప్రయత్నించేవాళ్ళం. ఆ భద్రాద్రి రాముని సన్నిధిలో ఆస్థాన విద్వాంసులుగా నాదస్వర సేవ చేసినవారు గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌గారు. 2022లో మరణానంతరం పద్మశ్రీతో దేశం ఆయనను గౌరవించింది. రామదాసుకు తారకమంత్రాన్ని ఉపదేశించినవాడు కబీరు అని చెప్పే సంప్రదాయం కూడా భద్రాచలానిదే. సాక్షాత్తు భద్రాద్రిలో లేని అభ్యంతరం మహమ్మద్‌నగర్‌లో నాకెందుకు వచ్చింది? నా ఊరి పేరును నేను రోజుకు పదిసార్లు పలుకుతాను. సంకల్పంలో దేశకాలాలు చెప్పేటప్పుడు ఈ నేలపైనే కూర్చుంటాను. ఒక విద్వాంసుని పేరు మాత్రం నాకు బరువైనది.

ఉపసంహారం

ఇంతవరకు చూచిన చరిత్రను సంగ్రహిస్తే తేలేది ఇది. సహవాద్యుల ఎంపిక విద్వాంసుని కీర్తిని తప్పక ప్రభావితం చేస్తుంది. లోకం వెంటనే చూచేది ఎవరితో కలిశాడు అనేదానిని. కాలం చూచేది ఎందుకు కలిశాడు, ఎందుకు విడిచాడు అనేదానిని. ధనం కోసం, చప్పట్ల కోసం కలిసిన సాంగత్యం ఎంత గొప్పవారితోనైనా పేరును తేలిక చేస్తుంది. పేరు కోసం విడిచిన సాంగత్యం ఆ పేరునే మాపుతుంది. నాదం కోసం కలిసినవారిని, నాదం కోసం విడిచినవారిని కాలం సమానంగా గౌరవించింది. భక్తులలో జాతి, విద్య, రూపం, కులం, ధనం మొదలైన భేదాలు లేవని *నారద భక్తిసూత్రాలు* స్పష్టంగా చెబుతున్నవి. నాదోపాసకుల విషయంలోనూ అదే న్యాయం.

సాధకులకు కూడా ఇందులో ఒక ఉపదేశం ఉన్నదని నా మనవి. మనమంతా ఏదో ఒక వృందంలోనివారమే. కుటుంబం, సత్సంగం, ఆలయం అన్నీ వృందాలే. నా ప్రక్కన ఎవరున్నారని లెక్కించే ముందు, ప్రక్కనున్నవాని త్రుటిని మోయగలుగుతున్నానా అని ప్రశ్నించుకోవాలి.

ఇప్పుడు మా ఆలయానికి మేళం వచ్చినప్పుడు నేను రెండే అడుగుతాను: శ్రుతి ఎంత, గట్టిమేళానికి నా చేయి కనబడే చోట కూర్చుంటారా? ఆ తరువాత పేరు అడిగి, పూర్తిగా విని, కల్యాణానంతరం ఆశీర్వచనంలో మేళంవారి పేర్లు కూడా చదువుతాను. 1997లో రాకుండా చేసిన ఆ విద్వాంసుని పేరు మాత్రం ఆ జాబితాలో చేర్చలేకపోతున్నాను. "షేక్" అన్న మాట తరువాత వచ్చిన పేరును ఆనాడు నేను విననే లేదు. ఆ వార్త తెచ్చిన పెద్దాయన ఇప్పుడు లేరు. ప్రతి శ్రీరామనవమికి మాంగల్యధారణ వేళ చేయి ఎత్తినప్పుడు ఆ పేరు లేని విద్వాంసునికి మనస్సులో నమస్కరించి, తరువాతనే సంజ్ఞ చేస్తాను.

స్వస్తి.